పచ్చటి కొమ్మ మీద పచ్చటి పింజర

కాఫీ కోతకు వెళ్తున్నారా? వెదురు కొడుతున్నారా? చెయ్యి పెట్టే ముందు ఒక్క నిమిషం ఇది చదవండి.

నవంబరు వచ్చిందంటే పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో కాఫీ పండు ఎర్రబడుతుంది. ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. నడుముకి బుట్ట, నెత్తికి తువ్వాలు, పొద్దున్నే మంచులో పని మొదలు. కళ్లు ఎర్రటి పండు మీద ఉంటాయి. చెయ్యి మాత్రం పచ్చటి ఆకుల మధ్యకి వెళ్తుంది. ఆ ఆకుల్లో ఆకులాగా, కొమ్మకి తోక చుట్టుకుని, ఉలకకుండా పలకకుండా ఒక పాము పడుకుని ఉండొచ్చు. దాని పేరే వెదురు పింజర.

ఇది కాటేస్తే మనిషి ప్రాణం పోవడం అరుదు. కానీ చెయ్యి వాస్తుంది, నొప్పి భరించలేం, ఒక్కోసారి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. సీజనంతా పని పోతుంది. ఇంకో ముఖ్య సంగతి ఏమిటంటే, మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాము విషం విరుగుడు మందు ఈ పాము కోసం తయారు చేసింది కాదు. ఈ మాట చాలామందికి తెలియదు. అలాగని ఆసుపత్రికి వెళ్లడం దండగ అనుకున్నారో, అంతకన్నా పెద్ద తప్పు ఉండదు. ఎందుకో కింద చదవండి.

విశాఖకీ దీనికీ పాత చుట్టరికం

ఈ పాము గురించి ప్రపంచానికి మొదట తెలిసింది మన విశాఖపట్నం నుంచే. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖలో ఉండేవాడు. కంపెనీ సిపాయిలు, రైతులు పాము కాటుతో చనిపోతుంటే, ఏ పాముకి విషం ఉంది, ఏ పాముకి లేదు అన్నది తేల్చాలని పూనుకున్నాడు. ఊళ్లలో జనాన్ని అడిగి పాములు తెప్పించుకున్నాడు. బొమ్మలు గీయించాడు. కుక్కల మీద, కోళ్ల మీద విషం ఎలా పని చేస్తుందో చూశాడు. 1796లో కోరమండల్ తీరం పాముల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు.

ఆ పుస్తకంలో గొప్పదనం ఏమిటంటే, పాములకి మనవాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. రక్త పింజరని 'కాటుక రేకుల పొడ' అని రాశాడు. ఆ పాముకే తర్వాత ఆయన పేరు పెట్టారు. ఆకుపచ్చ పింజరని ఇంగ్లీషు అక్షరాల్లో 'బోద్రూ పామ్' అని రాసుకున్నాడు. ఆ బొమ్మని, వివరాన్ని ఆధారం చేసుకునే 1802లో జార్జి షా అనే శాస్త్రవేత్త దీనికి గ్రామినియస్ అని లాటిన్ పేరు పెట్టాడు. గ్రామినియస్ అంటే గడ్డికి సంబంధించినది అని అర్థం. పచ్చగడ్డి రంగు పాము అన్నమాట. మొన్నటిదాకా పుస్తకాల్లో ట్రైమెరెసురస్ గ్రామినియస్ అని ఉండేది. ఇప్పుడు క్రాస్పెడోసెఫాలస్ గ్రామినియస్ అంటున్నారు. మనకెందుకు ఆ నోరు తిరగని పేర్లు! వెదురు పింజర అనుకుందాం.

తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, మధ్యలో ఉన్న కొన్ని అడవుల్లో ఇది ఉంటుంది. వెదురు పొదలు, వాగుల పక్కన చెట్లు, తీగలు అల్లుకున్న చోట్లు దీనికి ఇష్టం. కాఫీ తోట అంటే పైన సిల్వర్ ఓక్ నీడ, దాని మీద మిరియం పాదు, కింద కాఫీ మొక్క. పాముకి ఇంతకన్నా ఏం కావాలి? నీడుంది, తేమ ఉంది, కప్పలు, తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు ఉన్నాయి. మనం తోట వేసుకున్నాం, అది కాపురం పెట్టింది.

పసిరిక పామేలే అనుకోకండి

కొండల్లో పచ్చటి పాము కనబడితే చాలామంది పసిరిక పామే అనుకుంటారు. పసిరిక పాము కళ్లు పొడుస్తుందని, నెత్తి మీద కొడుతుందని ఒక మాట ఉంది కదా. అందులో నిజం లేదు. దానికి ఉన్న కొద్దిపాటి విషం మనిషిని ఏమీ చేయదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఈ పింజరతో. రెండింటికీ తేడా ఇలా తెలుసుకోండి.

పసిరిక పాము కొరడాలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మూతి కోసుగా ముందుకి సాగి ఉంటుంది. పగలు తిరుగుతుంది. మనిషి అలికిడి వింటే ఆకుల్లోకి జారుకుంటుంది.

వెదురు పింజర పొట్టిగా, లావుగా ఉంటుంది. మామూలుగా రెండడుగులు, రెండున్నర అడుగులు. తల వెడల్పుగా, మూడు మూలలుగా ఉంటుంది. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి తల విడిగా అతికించినట్టు కనబడుతుంది. కంటిపాప పిల్లి కంటిలో లాగా నిలువు గీత. తోకతో కొమ్మని పట్టుకుంటుంది. పగలంతా చుట్ట చుట్టుకుని కదలకుండా ఉండి, చీకటి పడ్డాక వేటకి దిగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఈ కదలకపోవడమే. నాగుపాము పడగ విప్పి బుస కొడుతుంది. రక్త పింజర కుక్కరు ఈలలాగా బుసలు పెడుతుంది. ఈ పాము అలాంటి హెచ్చరిక పెద్దగా చేయదు. మనిషి వస్తున్నాడని పారిపోదు. తన రంగే తనకి రక్షణ అని నమ్మి అలాగే ఉండిపోతుంది. మన వేళ్లు మీద పడ్డాక కాటేస్తుంది. అందుకే దీని కాట్లు ఎక్కువగా చేతుల మీద, ముంజేతుల మీద పడుతుంటాయి.

ముక్కు పక్కన గుంట ఎందుకు?

ఈ జాతి పాములకి కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య, రెండు పక్కలా చిన్న గుంట ఉంటుంది. చూడ్డానికి ఇంకో ముక్కు రంధ్రంలా ఉంటుంది. దానితో వాసన చూడదు. వేడిని పసిగడుతుంది. గుంట లోపల పలచటి పొర ఉంటుంది. ఎలుకో, పిట్టో దగ్గరికి వస్తే దాని ఒంటి వేడి ఆ పొరకి తగులుతుంది. చిమ్మచీకట్లో కూడా ఎర ఎటు ఉందో, ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. మన రక్త పింజరకి, చిన్న పింజరకి ఈ గుంట లేదు. అందుకే ఈ గుంట ఉన్న పింజరలని శాస్త్రవేత్తలు వేరే గుంపుగా పెట్టారు. అమెరికాలో తోకతో గిలక్కాయ ఆడించే పాములు కూడా ఈ గుంపువే.

ఇంకో సంగతి. ఈ పాము గుడ్లు పెట్టదు. కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్లకి కూడా విషం ఉంటుంది. జానెడు కూడా లేదని చేత్తో తీసి పారేయబోకండి.

మందు ఉంది, కానీ నాలుగింటికే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజక్షను నాలుగు పాముల విషంతో తయారవుతుంది. నాగుపాము, కట్ల పాము, రక్త పింజర, చిన్న పింజర. ఈ నాలుగు పాముల విషాన్ని గుర్రాలకి కొద్ది కొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో విషాన్ని ఎదిరించే శక్తి తయారవుతుంది. ఆ రక్తం నుంచి మందు తీస్తారు. మందుకి కావలసిన విషాన్ని చాలా ఏళ్లుగా ఇస్తున్నది చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం.

దేశంలో ఎక్కువమందిని చంపేది ఆ నాలుగు పాములే కాబట్టి మందు వాటికే చేశారు. అందులో తప్పు పట్టేది లేదు. కానీ వెదురు పింజర ఆ నలుగురిలో లేదు. దాని విషానికి ఆ మందు సరిగా పని చేస్తుందన్న భరోసా లేదు. తాళం చెవి ఒక తాళానికి చేస్తే ఇంకో తాళానికి పట్టదు కదా, అలాగన్నమాట.

దీనికి కేరళ అనుభవం ఒక పాఠం. అక్కడ రబ్బరు, కాఫీ, ఏలకుల తోటల్లో మూతి మీద చిన్న మూపు ఉన్న ఇంకో గుంట పింజర ఉంది. అది కాటేసిన వాళ్లలో కొందరికి రక్తం కారడం, మూత్రపిండాలు దెబ్బతినడం జరిగింది. నాలుగు పాముల మందు ఇచ్చినా ఫలితం లేదని డాక్టర్లు 2007లో ప్రకటించారు. అంతవరకు ఆ పాము కాటుని చిన్న పింజర కాటుగా పొరబడిన సందర్భాలు ఉన్నాయి. థాయిలాండులో రెడ్‌క్రాస్ వాళ్లు తమ దేశపు పచ్చ పింజరకి విడిగా మందు చేసుకున్నారు. మనకి మన పచ్చ పింజర మందు లేదు.

మరి ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలి?

మందు లేదు కదా, పసరు పోయించుకుందాం, దిసారి దగ్గరికి వెళ్దాం అనుకోవద్దు. కారణాలు మూడు.

మొదటిది, కాటేసింది వెదురు పింజరే అని మీరు ఎలా చెప్పగలరు? చీకట్లో కాటు పడితే అది రక్త పింజర కావచ్చు. దానికి మందు ఉంది. గంట ఆలస్యం ప్రాణం తీస్తుంది.

రెండోది, ఈ పాము విషం రక్తం మీద పని చేస్తుంది. పైకి వాపు మాత్రమే కనిపించినా లోపల రక్తం గడ్డకట్టే గుణం పోయి ఉండొచ్చు. దాన్ని తెలుసుకోవడానికి చాలా చవకైన పరీక్ష ఉంది. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకడితే సరే. గడ్డకట్టకపోతే విషం పని చేస్తోందని అర్థం. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయొచ్చు. పచ్చ పింజరల విషయంలో ఈ తేడా ఆలస్యంగా, మర్నాడో మూడోనాడో కూడా రావచ్చు. అందుకే మొదటి పరీక్ష బాగుందని వెంటనే ఇంటికి పరుగెత్తకండి. డాక్టరు ఉండమన్నన్ని రోజులు ఉండండి.

మూడోది, మందు లేకపోయినా వైద్యం ఉంది. సెలైను, నొప్పికి తగిన మాత్ర, ధనుర్వాతం ఇంజక్షను, పుండు పడితే శుభ్రం చేయడం, అవసరమైతే రక్తంలోని ప్లాస్మా ఎక్కించడం, మూత్రం తగ్గితే డయాలసిస్. ఇవన్నీ మనిషిని నిలబెట్టేవే. కొండ మీద నుంచి విశాఖ పెద్దాసుపత్రి 100 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, పరిస్థితి ముదరకముందే దగ్గర్లోని ఆసుపత్రికి చేరాలి.

డాక్టరుతో మాత్రం స్పష్టంగా చెప్పండి. 'పచ్చటి పాము, లావుగా ఉంది, తల వెడల్పు, కొమ్మ మీద ఉంది, ఇన్ని గంటలకి కాటేసింది.' ఈ నాలుగు ముక్కలు చాలు. విరుగుడు ఇంజక్షను ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. పాము ఏదో తెలియక రక్తం కారుతుంటే ఇవ్వాల్సి రావచ్చు. పాము కచ్చితంగా తెలిస్తే వేరే ఆలోచన చేయొచ్చు. ఆ మందు కొందరికి పడక ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఇంజక్షను ఇవ్వలేదని ఆసుపత్రిలో గొడవ పెట్టుకోవద్దు.

కట్టు తెచ్చిన నష్టం

నేను పదో తరగతి చదివే రోజుల మాట. మా చిన్నాన్న వెదురు కొట్టడానికి కొండెక్కాడు. ఎండు వెదురు లాగుతుంటే ఎడం చేతి వేలి మీద పచ్చ పాము కాటేసింది. కూడా ఉన్నవాళ్లు మంచి మనసుతోనే నులక తాడు తెచ్చి మోచేతి పైన బిగించి కట్టారు. విషం పైకి ఎక్కకూడదని ఇంకో కట్టు మణికట్టు దగ్గర వేశారు. బ్లేడుతో కోసి రక్తం పిండారు. పసరు పూశారు. రాత్రంతా అలాగే ఉంచారు. మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రికి తీసుకెళ్తే చెయ్యి దుంపలా వాచి, వేళ్లు నల్లబడి ఉన్నాయి. ప్రాణం దక్కింది. రెండు వేళ్లు తీసేశారు.

అక్కడి డాక్టరుగారు మా నాన్నతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. 'పాము తీసుకోలేదయ్యా ఈ వేళ్లని. మీ తాడు తీసుకుంది.'

ఈ పాము విషం కాటు పడ్డ చోటే కండని దెబ్బతీస్తుంది. ఆ చెయ్యి అసలే వాస్తుంది. దాని మీద బిగించి కట్టితే రక్తం రాక, విషం అక్కడే నిలిచి కండ కుళ్లుతుంది. బ్లేడుతో కోస్తే రక్తం గడ్డకట్టని మనిషికి ఆ గాయం నుంచే రక్తం కారుతూ ఉంటుంది. మా చిన్నాన్న ఇప్పటికీ కొడవలి కుడి చేత్తోనే పట్టగలడు, మోపు కట్టాలంటే ఇంకొకరి సాయం కావాలి. కూలి చేసుకునే మనిషికి రెండు వేళ్లు అంటే మాటలు కాదు.

కాటు పడితే ఇలా చేయండి

* ముందు ఆ చెట్టు దగ్గర్నుంచి పక్కకి రండి. పామును చంపడానికి, పట్టడానికి వెనక్కి వెళ్లొద్దు. తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు. సెల్‌ఫోను ఉంటే దూరం నుంచి ఫొటో తీస్తే చాలు.

* ఉంగరాలు, గాజులు, కడియాలు, చేతి గడియారం వెంటనే తీసేయండి. వాపు వచ్చాక రావు.

* కాటు పడ్డ చేతిని కదపకుండా ఒక కర్ర బద్దకి వదులుగా తువ్వాలుతో కట్టి ఉంచండి. ఇది విరిగిన చేతికి ఇచ్చే ఊతం లాంటిదే. బిగించకూడదు. కట్టు కింద వేలు దూరాలి.

* మనిషిని నడిపించవద్దు, పరుగెత్తించవద్దు. రోడ్డు లేని ఊరైతే డోలీలో పడుకోబెట్టి మోసుకురండి. రోడ్డు దగ్గరికి 108ని ముందే పిలవండి.

* కాటు పడిన టైము రాసుకోండి. వాపు ఎక్కడిదాకా వచ్చిందో చర్మం మీద పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేయండి. డాక్టరుకి ఇది ఎంతో ఉపయోగం.

* నొప్పి అని కిళ్లీ కొట్టులో దొరికే మాత్రలు వేయవద్దు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి రక్తాన్ని ఇంకా పలచన చేస్తాయి, మూత్రపిండాలకీ చేటు. ఊళ్లో వైద్యుడి చేత తుంటికి ఇంజక్షను చేయించవద్దు. రక్తం గడ్డకట్టని మనిషికి సూది గుచ్చిన చోట కూడా లోపల రక్తం పేరుకుంటుంది.

* సారా, కల్లు పట్టించవద్దు. ఐసుముక్క పెట్టొద్దు. నోటితో పీల్చొద్దు.

* చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో ఎరుపు, మూత్రం తగ్గడం, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చెప్పండి. ఇంటికి వచ్చాక కనిపించినా మళ్లీ ఆసుపత్రికి వెళ్లండి.

కాటే పడకుండా ఉంటే?

అదే అన్నిటికన్నా చవక. కోతకి వెళ్లేటప్పుడు మూడు నాలుగు అడుగుల కర్ర ఒకటి పట్టుకెళ్లండి. చెయ్యి పెట్టే ముందు కొమ్మని కర్రతో రెండుసార్లు కదిపి, ఆకుల మధ్య చూడండి. ఈ పాము కదలదు కాబట్టి ఊరికే అలికిడి చేస్తే సరిపోదు, కళ్లతో చూడాలి. పొద్దున్నే మంచులో సరిగా కనబడదు. వెలుతురు బాగా వచ్చాక కోత మొదలెడితే మంచిది. పొడుగు చేతుల చొక్కా, మందపాటి బట్ట తొడుగులు వేసుకోండి. పిల్లల్ని దట్టంగా ఉన్న మొక్కల దగ్గరికి పంపకండి.

మిరియం కోతలో నిచ్చెన మీద ఉంటారు. పాము మొహం ఎత్తున ఉండొచ్చు. ఎక్కే ముందు పాదు చుట్టూ తిరిగి కింద నుంచి పైదాకా చూడండి. వెదురు పొదలో ముందు పొడుగు కర్రతో కొట్టి, అడుగున ఉన్న ఎండు ఆకు, కొమ్మ లాగేసి, అప్పుడు కత్తి వేయండి. నరికిన వెదురు రాత్రి అక్కడే ఉంచితే, మర్నాడు ఎత్తేటప్పుడు మళ్లీ చూసుకోవాలి. తోటలో నడిచే దారి రెండు పక్కలా కొమ్మలు కత్తిరించండి. చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా తోటలోకి వద్దు. లైటు కాళ్ల దగ్గరే కాదు, ఛాతీ ఎత్తున కొమ్మల మీద కూడా వేయాలి.

పాము కనబడితే ఏం చేయాలి? ఏమీ చేయనక్కర్లేదు. ఆ చెట్టుకి ఒక గుడ్డ ముక్క గుర్తుగా కట్టి పక్క వరుసకి వెళ్లిపోండి. పక్కన కోస్తున్న వాళ్లకి కేకేసి చెప్పండి. అది మన మీదకి దూకదు, వెంటపడదు. చంపబోయిన వాళ్లకే కాటు పడే ప్రమాదం ఎక్కువ. పైగా తోటలో ఎలుకల్ని తినేది అదే.

లెక్కలోకి రావాలి

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏడాదికి సుమారు 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతం కూడా ఉంది. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. 2024లో కేంద్ర ప్రభుత్వం పాము కాటు మరణాల్ని 2030కల్లా సగానికి తగ్గించాలని జాతీయ ప్రణాళిక ప్రకటించింది. పాము కాటు కేసులన్నీ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది రాష్ట్రాలకి రాసింది.

ఈ నమోదులో మన వంతు కూడా ఉంది. పచ్చ పింజర కాటుకి పసరు పోయించుకుని ఇంట్లో పడుకుంటే ఆ కేసు ఎక్కడా రాయరు. రాయకపోతే ఆ పాముతో బాధ ఉందని పైవాళ్లకి తెలియదు. తెలియకపోతే మందు తయారు చేయమని అడిగేవాళ్లే ఉండరు. రెండు వందల ఏళ్ల కిందట విశాఖలో కూర్చుని ఒక డాక్టరు మన ఊళ్ల వాళ్లని అడిగి ఈ పాముని కాగితం మీదకి ఎక్కించాడు. దాని కాటు మాత్రం ఇంకా సరిగా కాగితం మీదకి ఎక్కలేదు. ఆసుపత్రికి వెళ్లండి. ఏ పామో చెప్పండి. చీటీలో రాయించుకోండి. మీకు వైద్యం అందుతుంది, రేపు ఇంకొకరికి మందు వచ్చే దారి పడుతుంది.

రేపు పొద్దున్న బుట్ట కట్టుకునేటప్పుడు కర్ర మరిచిపోకండి.